చంద్రుడి దూరం నెలనెలా ఎందుకు మారుతుంది? పెరిజీ అంకె ప్రతిసారీ ఒకటే ఎందుకు ఉండదు?

మీరు అడిగినవి ఇవి: చంద్రుడు భూమికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఎందుకు ఉంటాడు? దగ్గరికి వచ్చినప్పుడు పడిపోకుండా మళ్లీ దూరం ఎలా వెళ్తాడు? ఫోన్ యాప్‌లో పెరిజీ (చంద్రుడు భూమికి అత్యంత దగ్గరగా వచ్చే చోటు) దూరం ఒక నెల 3,57,000 కి.మీ. అని, ఇంకో నెల 3,70,000 కి.మీ. అని ఎందుకు కనిపిస్తోంది? మిగతా గ్రహాల చందమామలు కూడా ఇలాగే తిరుగుతాయా?

వీటిలో మూడోది చాలా మంచి ప్రశ్న. "కక్ష్య దీర్ఘవృత్తం కాబట్టి" అని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ జవాబు మొదటి ప్రశ్నకు సరిపోతుంది, మూడోదానికి సరిపోదు. దీర్ఘవృత్తం ఒక్కటే కారణమైతే పెరిజీ ప్రతి నెలా ఒకే దూరంలో రావాలి కదా. అలా రావడం లేదంటే ఆ దీర్ఘవృత్తాన్నే ఎవరో మారుస్తున్నారు. ఆ మార్చేది సూర్యుడు. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనిపించదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పడిపోవడం సంగతి. చంద్రుడు నిజానికి ప్రతి క్షణం భూమి వైపు పడుతూనే ఉన్నాడు. ఒక్క సెకనులో దాదాపు 1.02 కి.మీ. పక్కకు కదులుతాడు, అదే సెకనులో భూమి వైపు 1.36 మిల్లీమీటర్లు పడతాడు. పక్కకు వెళ్లే వేగం వల్ల భూమికి ఎంత దూరం జరగాలో, ఆకర్షణ వల్ల సుమారుగా అంతే దగ్గరకు వస్తాడు. అందుకే చుట్టూ తిరుగుతాడు.

ఇక్కడ "సుమారుగా" అన్న మాట ముఖ్యం. ఈ రెండూ అచ్చంగా సరిపోతే కక్ష్య గుండ్రంగా ఉండేది. చంద్రుడి విషయంలో అలా సరిపోవు. సగటు పెరిజీ 3,63,300 కి.మీ. అనుకుందాం. అంత దూరంలో గుండ్రంగా తిరగాలంటే సెకనుకు 1.05 కి.మీ. వేగం చాలు. చంద్రుడు అక్కడికి వచ్చేసరికి 1.08 కి.మీ. వేగంతో ఉంటాడు. వేగం ఎక్కువైంది కాబట్టి బయటికి జరుగుతాడు. అలా దూరం వెళ్తున్నకొద్దీ భూమి ఆకర్షణకు ఎదురు వెళ్తున్నట్టే కాబట్టి వేగం తగ్గుతుంది. 4,05,500 కి.మీ. దగ్గరికి, అంటే అత్యంత దూరపు చోటైన అపోజీకి, చేరేసరికి వేగం 0.97 కి.మీ. అక్కడ గుండ్రంగా తిరగడానికి దాదాపు 1.00 కావాలి. ఈసారి వేగం చాలలేదు, అందుకే మళ్లీ లోపలికి వస్తాడు. ఉయ్యాల కిందికి వచ్చినప్పుడు వేగంగా ఉంటుంది, ఆ వేగమే దాన్ని మళ్లీ పైకి తీసుకెళ్తుంది. చంద్రుడిదీ అదే లెక్క. దగ్గరికి రావడంలోనే మళ్లీ దూరం వెళ్లడానికి కావలసిన వేగం పుడుతుంది. ఈ ఊగులాట ఒకసారి పూర్తవడానికి 27.55 రోజులు పడుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం.

చంద్రుడిని సూర్యుడు ఎంత గట్టిగా లాగుతున్నాడో తెలుసా? భూమి లాగుతున్న దానికి రెండు రెట్ల కంటే ఎక్కువ. మొదటిసారి లెక్క వేసి చూసిన విద్యార్థులు ఎవరైనా ఇక్కడ ఆగిపోతారు. మరి సూర్యుడు చంద్రుణ్ణి ఎందుకు లాక్కుపోలేదు? ఎందుకంటే భూమిని కూడా దాదాపు అంతే లాగుతున్నాడు. రెండూ కలిసి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. భూమి చుట్టూ చంద్రుడి కదలికను మార్చేది సూర్యుడి మొత్తం లాగుడు కాదు, భూమి మీదా చంద్రుడి మీదా ఉన్న లాగుడులో తేడా మాత్రమే. ఆ తేడా భూమి ఆకర్షణలో ఎక్కువలో ఎక్కువ తొంభయ్యో వంతు ఉంటుంది. వినడానికి చిన్నదే, కానీ అది రోజూ, నెలనెలా పనిచేస్తూనే ఉంటుంది.

దాని ఫలితం లెక్కలో ఎలా కనిపిస్తుందో చూపిస్తాను. చంద్రుడి దూరానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే సూత్రంలో వందల కొద్దీ పదాలు, అంటే కలపాల్సిన, తీసేయాల్సిన అంకెలు, ఉంటాయి. మనకు మొదటి మూడు చాలు. కాలం ప్రకారం తీసిన సగటు దూరం 3,85,000 కి.మీ. (పుస్తకాల్లో ఉండే 3,84,400 దీర్ఘవృత్తపు పెద్ద వ్యాసంలో సగం. చంద్రుడు దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి అక్కడే ఎక్కువ కాలం గడుపుతాడు, అందుకే కాలపు సగటు కాస్త పెద్దది.) ఈ సగటుకు మూడు సవరణలు చేయాలి.

మొదటిది దీర్ఘవృత్తం వల్ల వచ్చేది, దాదాపు 20,900 కి.మీ. రెండోది సూర్యుడు ఆ దీర్ఘవృత్తాన్ని సాగదీసి, మళ్లీ కుదించడం వల్ల వచ్చేది, దాదాపు 3,700 కి.మీ. దీన్ని ఎవెక్షన్ అంటారు. మూడోది అమావాస్య, పౌర్ణములకు ఒకలా, అష్టములకు ఇంకోలా వచ్చేది, దాదాపు 2,960 కి.మీ. దీని పేరు వేరియేషన్.

పెరిజీ అమావాస్య నాడో పౌర్ణమి నాడో వస్తే మూడూ ఒకే వైపు పనిచేస్తాయి. 3,85,000 నుంచి 20,900, 3,700, 2,960 తీసేయండి. 3,57,440 కి.మీ. వస్తుంది. అదే పెరిజీ అష్టమి దగ్గర, అంటే సగం చంద్రుడు కనిపించే రోజుల్లో వస్తే మొదటిది తీసేయాలి, మిగతా రెండూ కలపాలి. అప్పుడు 3,70,760. మీ యాప్ చూపించిన రెండు అంకెలూ దాదాపు ఇవే. మిగిలిన చిన్న పదాలన్నీ కలిపితే పెరిజీ సుమారు 3,56,400 నుంచి 3,70,400 వరకు ఎక్కడైనా రావచ్చు.

ఇప్పుడు ఇదే లెక్క అపోజీకి వేయండి. పౌర్ణమి నాటి అపోజీకి 20,900, 3,700 కలపాలి, కానీ 2,960 తీసేయాలి. 4,06,640. అష్టమి నాటి అపోజీకి 20,900 కలిపి, 3,700 తీసేసి, 2,960 కలపాలి. 4,05,160. సూర్యుడి వల్ల వచ్చే రెండు సవరణలు ఇక్కడ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటున్నాయి. అందుకే పెరిజీ మొత్తం 14,000 కి.మీ. మేర మారుతుంటే, అపోజీ 4,04,000 నుంచి 4,06,700 లోపలే తిరుగుతుంటుంది. మీ యాప్‌లో ఒక ఏడాది అపోజీలన్నీ వరసగా రాసుకుని చూడండి, ఈ తేడా మీకే కనబడుతుంది. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో ఇష్టమైన విషయం ఇదే. ఇంత సూక్ష్మమైన సంగతి కాగితం మీద మూడు అంకెల కూడికతో తేలిపోతుంది.

మూడో సవరణ గురించి ఒక అనుమానం రావాలి. పౌర్ణమి, అమావాస్యలకు సూర్యుడు, భూమి, చంద్రుడు వరసలో ఉంటారు. సూర్యుడి ప్రభావం అప్పుడు చంద్రుణ్ణి భూమి నుంచి దూరంగా లాగేలా ఉంటుంది. మరి ఆ రోజుల్లో చంద్రుడు దూరం జరగాలి గానీ దగ్గరకు ఎందుకు వస్తాడు? అష్టమి నుంచి పౌర్ణమికి వచ్చే దారిలో సూర్యుడు చంద్రుడి వేగాన్ని కాస్త పెంచుతాడు. పౌర్ణమి నాటికి వేగం ఎక్కువ, భూమి వైపు నికరంగా ఉండే లాగుడు తక్కువ. ఈ రెండింటి వల్ల దారి అక్కడ తక్కువగా వంగుతుంది, కాస్త చదునుగా ఉంటుంది. కోడిగుడ్డు ఆకారపు దారిలో చదునుగా ఉండే వైపే మధ్య బిందువుకు దగ్గర. న్యూటన్ దీన్ని 1687లో వచ్చిన ప్రిన్సిపియాలోనే వివరించాడు.

న్యూటన్‌కు లొంగనిది ఇంకొకటి ఉంది. దీర్ఘవృత్తపు పొడవాటి అక్షం ఆకాశంలో ఒకే దిశలో ఉండదు, అది కూడా నెమ్మదిగా తిరుగుతూ 8.85 ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. దీనికీ సూర్యుడే కారణం. న్యూటన్ తన సిద్ధాంతంతో లెక్క వేస్తే అసలు వేగంలో సగమే వచ్చింది. ఆ తర్వాత ఫ్రెంచ్ గణితవేత్త క్లెయిరో కూడా అదే సగం దగ్గర ఇరుక్కున్నాడు. ఒక దశలో గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలేమో అన్నంత దూరం వెళ్లాడు. చివరికి 1749లో, తాను చిన్నవని వదిలేసిన పదాలను కూడా కలిపి లెక్క వేస్తే పూర్తి విలువ వచ్చింది. న్యూటన్ సూత్రం నిలబడింది.

ఈ 8.85 ఏళ్ల అంకె మనవాళ్లకు కొత్తది కాదు. ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో 43,20,000 సంవత్సరాల యుగానికి చంద్రోచ్చ 4,88,219 చుట్లు తిరుగుతుందని ఇచ్చాడు. ఉచ్చ అంటే చంద్రుడు భూమికి అత్యంత దూరంగా ఉండే చోటు, అదే అపోజీ. భాగించి చూడండి, 8.85 సంవత్సరాలు వస్తుంది. చంద్రపాతానికి, అంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే చోటైన రాహువుకు, 2,32,226 చుట్లు చెప్పాడు. అది 18.6 ఏళ్లు. ఆధునిక విలువ కూడా అదే. టెలిస్కోప్ లేని కాలంలో, కంటితో చూసి, తరాలపాటు రాసిపెట్టుకున్న పరిశీలనల నుంచి ఈ అంకెలు తీశారంటే ఎంత ఓపిక ఉండాలో ఆలోచించండి.

పంచాంగం చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఇదే విషయం మరో రూపంలో తెలుసు. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. చంద్రుడు పెరిజీ దగ్గర వేగంగా నడిస్తే తిథి త్వరగా ముగుస్తుంది, అపోజీ దగ్గర నెమ్మదిగా నడిస్తే సాగుతుంది. పాత పద్ధతిలో "బాణవృద్ధి రసక్షయ" అంటారు. తిథి 60 ఘడియల కంటే మహా అయితే 5 ఘడియలు పెరుగుతుంది, 6 ఘడియలు తగ్గుతుంది, అంటే 54 నుంచి 65 ఘడియల మధ్య ఉంటుంది. దృక్ గణితం, అంటే ఆకాశంలో నిజంగా కనిపించే స్థానాలకు సరిపోయే లెక్క, పాటించేవాళ్లు "సప్తవృద్ధి దశక్షయ" అంటారు, అంటే 50 నుంచి 67 ఘడియలు. ఈ రెండు పంచాంగాల మధ్య ఏకాదశి ఏ రోజన్న గొడవ మన ఇళ్లలో ఏటా ఉంటుంది.

ఆ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో ఇప్పుడు మీరు చెప్పగలరు. పాత సిద్ధాంతాల్లో మందఫలం అనే సవరణ ఉంది, అది దీర్ఘవృత్తం వల్ల వచ్చేదానికి సమానం. పైన నేను చెప్పిన రెండో, మూడో సవరణలు, అంటే సూర్యుడి వల్ల వచ్చేవి, అందులో లేవు. వాటిని కలిపితే తిథి నిడివి మరింత అటూ ఇటూ మారుతుంది. అయితే భారతీయులకు ఎవెక్షన్ అసలు తెలియదని అనుకోవద్దు. 932 ప్రాంతంలో ముంజాలుడనే ఖగోళ శాస్త్రజ్ఞుడు తన లఘుమానసం గ్రంథంలో దానికి సవరణ ఇచ్చాడు. అది అన్ని పంచాంగాల్లోకీ రాలేదు. ఆకాశంలో చంద్రుడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడన్నదే ప్రశ్న అయితే దృక్ గణితమే సరైనదని నా అభిప్రాయం. గ్రహణాలకు అందరూ చూసేది కూడా దాన్నే.

గ్రహణాల మాట వచ్చింది కాబట్టి, చంద్రుడి దూరం మారుతుందనడానికి అంతకంటే స్పష్టమైన సాక్ష్యం లేదు. 2009 జులై 22న సూరత్, వారణాసి, పట్నాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్లింది. చంద్రుడు అంతకు కొన్ని గంటల ముందే పెరిజీలో ఉన్నాడు కాబట్టి సూర్యబింబం కంటే బాగా పెద్దగా ఉన్నాడు, సంపూర్ణ దశ గరిష్ఠంగా 6 నిమిషాల 39 సెకన్లు ఉంది. ఈ శతాబ్దంలో అంతకంటే పొడవైనది లేదు. సరిగ్గా ఆరు నెలలు కూడా తిరగకుండానే 2010 జనవరి 15న రామేశ్వరం, కన్యాకుమారి ప్రాంతాల్లో కంకణ సూర్యగ్రహణం కనిపించింది. అప్పుడు చంద్రుడు అపోజీకి రెండు రోజుల దూరంలో ఉన్నాడు. సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేక చుట్టూ ఉంగరం మిగిలింది, అదీ గరిష్ఠంగా 11 నిమిషాలకు పైగా. అదే సూర్యుడు, అదే చంద్రుడు, దూరమే వేరు. మన ప్రాంతం మీదుగా సంపూర్ణ గ్రహణం 1980 ఫిబ్రవరి 16న వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల్-రంగాపూర్ వేధశాల నుంచి దాన్ని పరిశీలించారు.

సూపర్‌మూన్ గురించి కూడా అడుగుతుంటారు. పౌర్ణమీ పెరిజీ కలిసి రావడమే అది. 14 చాంద్రమాసాలు 413.4 రోజులు, 15 పెరిజీ చక్రాలు 413.3 రోజులు. రెండూ దాదాపు సమానం కాబట్టి పదమూడున్నర నెలలకోసారి మళ్లీ కలుస్తాయి. 2016 నవంబర్ 14న చంద్రుడు 3,56,509 కి.మీ. దగ్గరికి వచ్చాడు. 1948 తర్వాత పౌర్ణమి నాడు అంత దగ్గరికి రావడం అదే మొదటిసారి. దాన్ని మించేది 2034 నవంబర్ 25న ఉంది. ఎంత పెద్దగా కనిపిస్తాడంటే, అపోజీ పౌర్ణమితో పోలిస్తే 14 శాతం. టీవీలో చూపించినట్టు కొండంత పెద్దగా ఏమీ ఉండడు. చంద్రుడు ఉదయించేటప్పుడు పెద్దగా అనిపించడం మన కంటి భ్రమ, దానికీ దూరానికీ సంబంధం లేదు. నడినెత్తిన ఉన్నప్పటికంటే ఉదయించేటప్పుడే చంద్రుడు మనకు దాదాపు భూమి వ్యాసార్ధం అంత, అంటే ఆరు వేల కి.మీ. పైగా, ఎక్కువ దూరంలో ఉంటాడు.

సముద్రం మీద ప్రభావం మాత్రం కంటికి కనిపించేదాని కంటే ఎక్కువ. పోటు తెచ్చే బలం దూరపు ఘనానికి విలోమంగా మారుతుంది. సగటు పెరిజీకీ సగటు అపోజీకీ దూరంలో తేడా 11, 12 శాతమే అయినా, ఆ బలంలో దాదాపు 40 శాతం తేడా వస్తుంది.

ఈ నెలనెలా మార్పు కాకుండా, ఎప్పటికీ తిరిగి రాని మార్పు ఒకటి ఉంది. చంద్రుడు సగటున ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద అద్దాల పలక ఒకటి పెట్టారు, తర్వాత అపోలో 14, 15 వాళ్లు, సోవియట్ లూనోఖోద్ బండ్లు కూడా అలాంటివి తీసుకెళ్లాయి. భూమి నుంచి లేజర్ పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కొలుస్తారు. మన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా ఇచ్చిన చిన్న ప్రతిఫలకం ఉంది. 2023 డిసెంబర్ 12న చంద్రుడి చుట్టూ తిరిగే నాసా వ్యోమనౌక దాని మీదకు లేజర్ పంపి, తిరిగి వచ్చిన కాంతిని పట్టుకుంది.

ఎందుకు దూరం జరుగుతున్నాడు? భూమి తన చుట్టూ తాను 24 గంటల్లో తిరుగుతుంది, చంద్రుడికి ఒక చుట్టుకు 27 రోజులు కావాలి. సముద్రపు పోటు ఉబ్బును భూమి తన వేగంతో కాస్త ముందుకు ఈడ్చుకుపోతుంది. ముందున్న ఆ ఉబ్బు చంద్రుణ్ణి ముందుకు లాగుతుంది, దాంతో కక్ష్య పెద్దదవుతుంది. ఆ శక్తి భూమి భ్రమణం నుంచి వస్తుంది కాబట్టి మన రోజు అతి కొద్దిగా పొడవవుతోంది.

ఇదే సూత్రం మిగతా చందమామలకు పెట్టి చూస్తే వాటి భవిష్యత్తు తెలిసిపోతుంది. అంగారకుడి చందమామ ఫోబోస్ గ్రహ కేంద్రం నుంచి 9,400 కి.మీ. లోపే ఉంది, 7 గంటల 39 నిమిషాల్లో ఒక చుట్టు తిరుగుతుంది. అంగారకుడి రోజు 24 గంటలు దాటుతుంది. ఇక్కడ చందమామే వేగంగా పోతోంది, గ్రహం మీది ఉబ్బు వెనక పడుతోంది. అందుకే ఫోబోస్ నూరేళ్లకు దాదాపు 1.8 మీటర్లు లోపలికి దిగుతోంది. కొన్ని కోట్ల ఏళ్లలో ముక్కలవుతుంది, లేదా అంగారకుడి మీద పడుతుంది. నెప్ట్యూన్ చుట్టూ తిరిగే ట్రైటన్ కక్ష్య దాదాపు పూర్తి వృత్తం, కానీ గ్రహం తిరిగే దిశకు ఎదురు తిరుగుతుంది. అందుకని అది కూడా నెమ్మదిగా లోపలికే వస్తోంది. అదే నెప్ట్యూన్‌కు నెరీడ్ అనే చిన్న చందమామ ఉంది. 1949లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కైపర్ కనుగొన్నాడు. అది గ్రహానికి దాదాపు 14 లక్షల కి.మీ. దగ్గరికి వచ్చి, 96 లక్షల కి.మీ. పైచిలుకు దూరం వరకు వెళ్తుంది. దాని ముందు మన చంద్రుడి మార్పు ఏపాటిది!

వీటన్నిటిలో గురుగ్రహపు చందమామ అయో గురించి తప్పక చెప్పాలి. దాని దూరం సగటు 4,21,700 కి.మీ. నుంచి అటూ ఇటూ 1,700 కి.మీ. మాత్రమే మారుతుంది. అంత చిన్న మార్పు కూడా కాలక్రమంలో మాయమై, కక్ష్య గుండ్రంగా అయిపోవాలి. కానీ అయో నాలుగు చుట్లు తిరిగేలోగా యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి తిరుగుతాయి. పదే పదే అవే చోట్ల కలుస్తూ లాగడం వల్ల అయో కక్ష్య గుండ్రంగా కాలేకపోతోంది. దూరం మారినప్పుడల్లా గురుడు దాన్ని పిసికి వదులుతుంటాడు, లోపల వేడి పుడుతుంది. పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ లెక్క వేసి, అయో లోపల కరిగి ఉండొచ్చని 1979 మార్చి 2న ప్రచురించారు. మూడు రోజుల తర్వాత వాయేజర్-1 అయో పక్కనుంచి వెళ్లింది. ఆ చిత్రాల్లో అగ్నిపర్వతాలు పైకి చిమ్ముతూ కనిపించాయి. కక్ష్య కాస్త గుండ్రంగా లేకపోవడం ఒక లోకాన్నే కరిగించగలదు.

మీరు స్వయంగా చూడాలనుకుంటే ఖర్చు లేని పని ఒకటి ఉంది. 2026 మే 31 పౌర్ణమి అపోజీ దగ్గర వస్తుంది, 2026 డిసెంబర్ 24 పౌర్ణమి పెరిజీ దగ్గర వస్తుంది. రెండోది మనకు 24 ఉదయం పూర్తవుతుంది కాబట్టి 23 రాత్రి గానీ తెల్లవారుజామున గానీ ఫోటో తీయండి. జూమ్ ఉన్న కెమెరా, లేదా చిన్న టెలిస్కోప్ కంటి కటకానికి ఆనించిన ఫోన్ సరిపోతుంది. రెండుసార్లూ జూమ్ ఒకటే ఉండాలి, ఫోటోను తర్వాత కత్తిరించకూడదు, సైజు మార్చకూడదు. చంద్రుడు బాగా పైకి వచ్చాక తీస్తే గాలి వల్ల బింబం నొక్కుకుపోయే ఇబ్బంది ఉండదు. తర్వాత కంప్యూటర్‌లో రెండు బింబాల వ్యాసాలు పిక్సెళ్లలో కొలిచి భాగించండి. 1.13, 1.14 దగ్గర వస్తే కొలత సరిగ్గా చేసినట్టే. వీలైతే మధ్యలో ఒక అష్టమి నాటి పెరిజీ కూడా తీసి పెట్టుకోండి. సగం చంద్రుడే అయినా పై కొన నుంచి కింది కొన వరకు కొలిస్తే వ్యాసం దొరుకుతుంది. ఆ బింబం డిసెంబర్ పౌర్ణమి బింబం కంటే 3, 4 శాతం చిన్నదిగా తేలుతుంది. ఆ తేడా పూర్తిగా సూర్యుడి పని.